మధ్యాహ్నపు రీడింగు

నవంబరు 3, సోమవారం

బావగారి పని అయిపోవచ్చింది.

రాశాక చదువుకుంటే నాకే భయమేసింది, ఎవరో మనిషి పోతున్నట్టు. బావగారంటే చెల్లి మంచం పక్కనుండే ఊపిరి మెషీను. ఆ పేరు పెట్టింది చెల్లే. ఆస్పత్రి నుంచి తెచ్చిన కొత్తలో అంది: "పక్కనే ఉంటాడు. రాత్రంతా గురక పెడతాడు. మొహమ్మీది ముసుగు కాస్త జరిపితే చాలు, వీధి వీధంతా వినేట్టు అరుస్తాడు. ఇంక మొగుడంటే ఏంటన్నయ్యా, కొమ్ములుంటాయా?" అప్పటి నుంచీ నాకు అది బావగారే. పని నుంచి రాగానే "బావగారు ఎలా ఉన్నారే?" అంటాను. "కోపంగా ఉన్నారు, ఆలస్యమైందని" అంటుంది.

ఇవాళ సాయంత్రం కరెంటు పోయింది. ఇదివరకైతే పోయినట్టు కూడా తెలిసేది కాదు, మెషీను తన బ్యాటరీ మీద తాను నడుచుకుపోయేది. ఇవాళ నేను కొవ్వొత్తి వెతికేలోపే అరుపు మొదలుపెట్టింది. అదృష్టం బాగుండి కరెంటు వెంటనే వచ్చింది. కూర్చుని ఉంటే చెల్లి మెషీను లేకుండా కాసేపు నెట్టుకొస్తుంది. పడుకుని ఉంటే అసలు కుదరదు. ఒంట్లో కండరాలు ఒక్కొక్కటే పని మానేస్తూ ఊపిరి తీసే కండరాల దాకా వచ్చాయి.

కంపెనీకి ఫోన్ చేశాను. ఆ మోడలు ఆపేశారట, దాని బ్యాటరీ కూడా ఇక రాదట. కొత్త మెషీను కోసం ఆస్పత్రిలో వరుసలో పేరుంది. ఎప్పుడని అడిగితే "పిలుస్తాం కదండీ" అన్నారు. ఇన్వర్టరు ముచ్చట కూడా ఒకసారి తీరింది. దాని కరెంటు బావగారికి పడక లోపలేదో కాలి, బాగయ్యేదాకా చెల్లి ఆస్పత్రి వరండాలో పడుకుంది. మళ్ళీ ఆ జోలికి పోను.

సరే, బ్యాటరీ కట్టడం నా చేతి పనే. పొద్దస్తమానం చేసేది అదే. ఊళ్ళోవాళ్ళందరికీ కడతాను, చెల్లికి కట్టలేనా?

నవంబరు 5

కట్టగలను. సెల్లులేవీ?

మా షెడ్డులో కట్టేవి స్కూటర్ల బ్యాటరీలు. వాటిలో వాడేవి లావు సెల్లులు, బావగారి బ్యాటరీ పెట్టెలో పట్టవు. అక్కడికి వేలెడంత సన్నవి కావాలి. అలాంటివి మా దగ్గరికి పాత లాప్‌టాప్‌ల పొట్టలోంచి తప్ప రావు. వాటిని విప్పి, కొలిచి, కాస్త జీవం ఉన్నవాటిని టార్చిలైట్లవాళ్ళకు, మిగిలినవాటిని తుక్కు బుట్టలోకి. ఏది ఎటు పోవాలో తేల్చేది నేనే కాబట్టి నా పేరు డాక్టరు.

పనికిరాదని తేలిన సెల్లుకు ప్లాస్టిక్ తొడుగు చీల్చి పారేస్తాను. ఒట్టి లోహం మీద, అడుగు అంచున, సూదిమొనతో 'వ' అని గీస్తాను. వద్దు అని. పక్కన ఏడాది అంకె ఒకటి. ఈ పద్ధతి పెట్టింది కూడా నేనే, మా ఓనరు కాదు. తొడుగు లేని సెల్లు దేనికి తగిలినా నిప్పు రేగుతుంది కాబట్టి దాన్ని ఎవరూ మళ్ళీ వాడరని నా లెక్క. ఇవాళ బుట్టనిండా గీశాను. చెల్లికి పనికొచ్చేది ఒక్కటంటే ఒక్కటి కనబడలేదు.

"నీ చేతిలో పడితే బతికేవాళ్ళు తక్కువయ్యా డాక్టరూ" అన్నాడు ఓనరు, బుట్ట తుక్కువాళ్ళ బండి ఎక్కిస్తూ. నవ్వాను. అలవాటుగా నవ్వొచ్చింది.

నవంబరు 6

బజారు వెనక వీధిలో సెల్లులమ్మే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన అసలు పేరు ఎవరికీ తెలియదు, అందరూ హామీ అంటారు. నోరు తెరిస్తే హామీ, మూస్తే హామీ.

"కొత్తవేనా?"

"ఫ్యాక్టరీ నుంచి నేరుగా. హామీ."

"ఎప్పటివి?"

"ఈ ఏడాదివే. హామీ."

"ఒకటి తొడుగు విప్పి చూస్తాను."

అక్కడ హామీ ఆగిపోయింది. "చొక్కా విప్పితే సరుకు వాపసు లేదు డాక్టరుగారూ. మీకు తెలియందేముంది?"

తెలుసు. ఈ వ్యాపారంలో తొడుగును చొక్కా అంటారు. సెల్లు పుట్టిన తేదీ దాని ఒంటి మీద, చొక్కా కింద ఉంటుంది. చొక్కా మీద ఎవరైనా ఏదైనా అచ్చేసుకోవచ్చు. అసలు వయసు చూడాలంటే విప్పాలి, విప్పితే అది ఇక నీ సొత్తు. ఒప్పుకున్నాకే చూడాలి, చూశాక ఒప్పుకోననడానికి లేదు. ఈ బజారంతా ఆ ఒక్క సూత్రం మీదే నడుస్తోంది.

విప్పకుండానే తెచ్చుకున్నాను. విప్పి పాతవని తేలితే మాత్రం కొత్తవి ఎక్కడున్నాయి?

నవంబరు 9, ఆదివారం

పొద్దుటి నుంచీ బల్ల మీద పెట్టుకుని చూస్తున్నాను. తూకం సరిపోయింది. దొంగ సెల్లులు తేలిగ్గా ఉంటాయి, సగం ఖాళీ. ఇవి బరువున్నాయి. అచ్చు చక్కగా ఉంది. అక్షరాలు చెదరలేదు. నెత్తిమీద టోపీ ఆకారం అసలు కంపెనీదే. పాత బ్యాటరీలోంచి పీకిన సెల్లుకైతే అతుకు ఊడిన మచ్చలు ఉంటాయి, వీటికి లేవు. అడుగు మాత్రం అద్దంలా మెరుస్తోంది. ఎవరైనా అరగదీసి మెరుగుపెట్టారా అన్నంతగా.

కొత్తవి మెరవవా మరి?

చెల్లి మంచం మీంచి చూస్తోంది. "పెళ్ళికూతుళ్ళా?" అంది.

"ఆ. నచ్చారు."

"అన్నీ... ఒకేలా ఉన్నారు. ఎవర్ని చేసుకుంటావు?"

"అందర్నీ."

నవ్వితే దానికి ఆయాసం. నవ్వించకూడదు. నవ్వించకుండా ఉండలేను.

నవంబరు 10

పొద్దున షెడ్డు తీయగానే మీటరు పెట్టాను. అంకె చాలా ఎక్కువ వచ్చింది. కొన్నిటికి మరీ ఎక్కువ. ఈ అంకె ఎంత పెరిగితే సెల్లు అంత ముసలిదని లెక్క.

మధ్యాహ్నం మళ్ళీ పెట్టాను. తగ్గింది. బాగా తగ్గింది. దాదాపు కొత్త సెల్లు చూపించే అంకే.

పొద్దున మీటరు బద్ధకించి ఉంటుంది. దాని లోపలి బ్యాటరీ మార్చి చాన్నాళ్ళయింది.

నవంబరు 11

మధ్యాహ్నం చూశాను. బాగుంది.

నవంబరు 12

మీటరు బ్యాటరీ మార్చాను. మధ్యాహ్నం చూశాను. బాగుంది.

నవంబరు 14

పక్కింటి టైలరమ్మ వచ్చింది. నేను పనిలో ఉన్నప్పుడు చెల్లిని కనిపెట్టుకుని ఉండేది ఆవిడే. ఆవిడ కుట్టుమిషనును మా వరండాలోనే వేసుకుంది, చెల్లి పిలిస్తే వినబడాలని. ఏ జన్మ రుణమో.

"ఆ అంకె ఏంటి బాబూ, జ్వరం చూసినట్టు రోజూ చూస్తున్నావ్?" అంది.

చెప్పాను: ప్రతి సెల్లు లోపలా కరెంటుకు కొంత అడ్డు ఉంటుంది. కొత్తదానికి అడ్డు తక్కువ. వయసొచ్చేకొద్దీ అడ్డు పెరుగుతుంది. ఆ అడ్డు ఎంతో మీటరు చెబుతుంది.

"మా ఆయన లాగానన్నమాట. వయసొచ్చేకొద్దీ ప్రతిదానికీ అడ్డమే."

చెల్లి మళ్ళీ నవ్వింది. మెషీను అరిచింది. ఇద్దరమూ తిట్లు తిన్నాం బావగారితో.

ఎక్కించి దింపే పరీక్ష కూడా చేశాను. సెల్లును నిండా చార్జి చేసి, మెల్లగా ఖాళీ చేసి, ఎంత పట్టిందో చూడటం. చార్జర్ల అరల పక్కన, వెచ్చగా ఉండేచోట, చిన్న లోడు మీద, కరెంటు కొంచెమే లాగేట్టు పెట్టాను. బాగానే పట్టాయి. పెద్ద లోడు మీద పెట్టలేదు. కొత్త సెల్లులను అనవసరంగా అలసట పెట్టడమెందుకు?

నవంబరు 16, ఆదివారం

కట్టేశాను. ఇక వాపసు అనే మాట లేదు, అతుకు పడింది. బావగారి చిన్న బ్యాటరీ పెట్టే, దానికో తీగ, మీద వరుసగా దీపాలు. మధ్యాహ్నానికి చార్జి నిండి దీపాలన్నీ వెలిగాయి. గోడలోంచి ప్లగ్గు పీకేశాను. బావగారు కిమ్మనలేదు. అలా నడుస్తూనే ఉన్నారు. నేను భోజనం చేసి చేయి కడుక్కునేదాకా నడిచారు.

చెల్లి గొంతు సవరించుకుంది. ఒకప్పుడు బస్టాండులో మైకు ముందు కూర్చున్నది అదే. ఏ బస్సు ఏ వరుసలోకి వస్తుందో దాని గొంతే చెప్పేది. జనం బస్సు తప్పిపోయినా ఆ గొంతును తిట్టేవాళ్ళు కాదు. ఇప్పుడు రెండు మాటలకోసారి ఊపిరి కోసం ఆగాలి.

"ప్రయాణికులు దయచేసి... గమనించగలరు. మా అన్నయ్య... నిర్ణీత సమయానికే... వచ్చియున్నాడు."

టైలరమ్మ చప్పట్లు కొట్టింది. నాకు ఏడుపొచ్చింది. పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను.

నవంబరు 17

మధ్యాహ్నం ఇంటికి భోజనానికి వచ్చి చూశాను. బాగుంది.

నవంబరు 20

మధ్యాహ్నం చూశాను. బాగుంది.

నవంబరు 24

చలి మొదలైంది. పొద్దున కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకుని వచ్చేసరికి ఇంట్లో ఏదో తేడాగా ఉంది. టైలరమ్మ చెల్లి మంచం మీద కూర్చుని ఉంది. ఆవిడ అంత పొద్దున్నే రాదు. చెల్లి మొహం పీక్కుపోయి ఉంది.

"కరెంటు పోయిందా?"

"పోయి వచ్చింది" అంది టైలరమ్మ.

"పెట్టె బాగా నడిచిందా?"

ఆవిడ చెల్లి వైపు చూసింది. చెల్లి "నీ బావగారికేం, మారాజు" అంది.

మధ్యాహ్నం చూశాను. కాస్త పెరిగినట్టుంది. ఒకసారే. రెండోసారి పెట్టి చూస్తే సరిపోయింది.

నవంబరు 27

వెచ్చబడిన సెల్లు వయసు దాస్తుంది.

ఇది నేనే ఓనరుకు ఎన్నోసార్లు చెప్పాను. ఎండలో పెట్టిన సరుకు కొలవొద్దు, చేతిలో పట్టుకుని వెచ్చచేసింది కొలవొద్దు, పాతది కూడా పడుచులా కనబడుతుంది, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కొలవమని. అప్పుడే పైన పటారం, లోన లొటారం బయటపడతాయని. నాకు తెలియక కాదు. నాకు మధ్యాహ్నమే తీరుతుంది. పొద్దున నీళ్ళు, చెల్లిని కూర్చోబెట్టడం, మొహం తుడవడం, పనికి పరుగు. ఇందులో మీటరు ఎప్పుడు పెట్టను?

రేపు పొద్దున పెడతాను.

నవంబరు 28

తీరలేదు.

నవంబరు 29

మధ్యాహ్నం చూశాను. బాగుంది.

డిసెంబరు 2

పొద్దున కరెంటు పోయింది. ఇప్పుడు రాయలేను.

డిసెంబరు 3

వేళ్ళ తిమ్మిరి ఇంకా వదల్లేదు. అక్షరాలు నావిలా లేవు.

నిన్న తెల్లవారాక కరెంటు పోయేసరికి ఇంట్లోనే ఉన్నాను. చెల్లి పడుకుని ఉంది. ఫ్యాను ఆగింది. నేను దర్జాగా, అవును, దర్జాగానే, పెట్టె వైపు చూశాను. దీపాలన్నీ వెలుగుతున్నాయి. ఓ నాలుగు ఊపిర్లు. ఐదోది మధ్యలో తెగిపోయింది. బావగారు అరిచి, ఆ అరుపు కూడా పూర్తి చేయకుండా ఆగిపోయారు.

చెల్లి నోరు తెరిచింది. గాలి లోపలికి పోలేదు. లేపి కూర్చోబెట్టబోతే తల వాలిపోయింది. దాని కళ్ళు నన్నే చూస్తున్నాయి. ఆస్పత్రివాళ్ళిచ్చిన రబ్బరు సంచి, చేత్తో నొక్కి ఊపిరి పోసేది, అలమరలో ఉండాలి. లేదు. నేను పిచ్చివాడిలా అలమర మొత్తం కింద పోశాను. అది మంచం కిందే, చేతికందేచోట ఉంది. ఎవరో తీసి అక్కడ సిద్ధంగా పెట్టారు. ఎవరు, ఎందుకు అని అప్పుడు తట్టలేదు.

నొక్కాను. ఒక్కొక్కటే. గట్టిగా నొక్కితే కడుపులోకి పోతుంది, మెల్లగా నొక్కితే చాలదు. ఎంత నొక్కాలో దాని కళ్ళే చెప్పాయి. టైలరమ్మ పరుగున వచ్చి నా వేళ్ళు తిమ్మిరెక్కినప్పుడు అందుకుంది. ఆవిడ చేయి నాకంటే నేర్పుగా నొక్కింది. అది కూడా అప్పుడు తట్టలేదు.

మధ్యలో ఒకసారి తలెత్తి చూశాను. పెట్టె మీద దీపాలు మళ్ళీ అన్నీ వెలిగాయి. మోయాల్సిన బరువు దిగిపోగానే ముసలి సెల్లు మళ్ళీ నిండుగా ఉన్నానంటుంది. దాన్ని ఎత్తి గోడకేసి కొట్టాలనిపించింది. చేతులు ఖాళీ లేవు.

కరెంటు వచ్చింది. ఎంతసేపటికి వచ్చిందో నాకు తెలియదు. బావగారు ఏమీ ఎరగనట్టు గురక మొదలుపెట్టారు. చెల్లి నా చొక్కా గుండీ పట్టుకుని అలాగే నిద్రపోయింది.

నేను పెట్టిన బ్యాటరీ. నేను చూసిన సెల్లులు. నాకు డాక్టరని పేరు.

డిసెంబరు 4

పెట్టె విప్పాను. బ్లేడు తీసుకుని మొదటి సెల్లు చొక్కా నిలువునా చీల్చాను. కంపెనీ తేదీ ఉండాల్సినచోట అరగదీసి ఉంది. అంతే అనుకున్నాను. అడుగు అంచున ఏదో గీత కనబడితే దీపం కిందికి తెచ్చాను.

వ.

కాసేపు నాకేమీ అర్థం కాలేదు. ఇంకెవరైనా గీసి ఉంటారనుకున్నాను. నా 'వ'కి తలకట్టు ఎప్పుడూ పక్కకి జారిపోతుంది, బళ్ళో పంతులు దానికే కొట్టేవాడు. ఇదీ జారింది. పక్కన ఏడాది అంకె ఉంది. నాలుగేళ్ళ కిందటిది. అప్పటికి చెల్లి ఇంకా బస్టాండులో మైకు ముందే కూర్చునేది.

అన్నీ చీల్చాను. అన్నీ నావి కావు. కొన్నిటి మీద అరగదీసిన మరకలే ఉన్నాయి. కానీ సగానికి పైగా నావే. వ. వ. వ. నాలుగేళ్ళ కిందటే పనికిరావని నా చేత్తో రాసి పారేసినవి కొత్త చొక్కాలు తొడుక్కుని, బరువుగా, నిండుగా, హామీతో సహా, నా చెల్లి మంచం దగ్గరికి వచ్చాయి. నేను పాత చొక్కా విప్పి పంపేవాణ్ణి కదా, వాళ్ళకు సగం పని తప్పింది. ఆ పద్ధతి పెట్టింది నేనే.

తాను తీసిన గోతిలో తానే పడటమంటే విన్నాను. చెల్లిని పడేయటం వినలేదు.

డిసెంబరు 5

ఓనరు బల్ల మీద మూడు సెల్లులు పెట్టాను. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నీ రాతే" అన్నాడు.

"మన తుక్కు ఎక్కడికి పోతోందండీ?"

"తుక్కుకి. ఆ తర్వాత సంగతి నన్నడిగితే? నువ్వు పాత చెప్పులు పారేస్తావు, ఎవడు కుట్టుకుని తొడుక్కున్నాడో చూస్తావా?"

"చెప్పు తెగితే ఎవరూ చావరు కదండీ."

ఆయన చెడ్డవాడు కాదు. ముందు చెల్లి ఎలా ఉందని అడిగాడు. ఆ తర్వాతే ఇదంతా.

"ఇకనుంచి పారేసేముందు మేకుతో పొడిచేద్దామండీ. మళ్ళీ పనికి రాకుండా."

"పొడువు. షెడ్డు తగలబడుతుంది. లోపల కొంచెం చార్జి ఉన్నా చాలు, నాకంటే నీకే తెలుసు."

"ఉప్పునీళ్ళలో వేద్దాం, ఉన్న చార్జి దిగిపోతుంది."

"వేస్తే తుక్కువాడు ఎత్తడు. ఎత్తకపోతే ఇక్కడే కుప్పపడతాయి. కుప్పపడితే ఏదో ఒకరోజు అంటుకుంటాయి. ఇంకేదైనా చెప్పు, చేద్దాం."

మూడు సెల్లులనూ గుడ్డలో చుట్టుకున్నాను. స్కూటరు కుర్రాళ్ళెవరో వస్తే ఇద్దరం అటు తిరిగాం.

డిసెంబరు 6

హామీ దగ్గరికి వెళ్ళాను. తిట్టాలనే వెళ్ళాను. దారంతా మాటలు కూర్చుకున్నాను.

సెల్లు చూడగానే అన్నాడు: "చొక్కా విప్పేశారే!"

"లోపల నా రాతే ఉంది."

చూశాడు. ఆయన మొహంలో రంగు పోయింది. "నాకూ కొత్తవనే ఇచ్చారు డాక్టరుగారూ. నేనూ విప్పి చూడలేదు. విప్పితే వాళ్ళు నా దగ్గర వాపసు తీసుకోరు." ఆ ఒక్కమాటకు మాత్రం వెనక హామీ లేదు, అందుకే నమ్మాల్సి వచ్చింది.

వాళ్ళెవరో చెప్పాడు. వాళ్ళకూ ఎవరో ఇచ్చి ఉంటారు. తిలాపాపం తలా పిడికెడు. ఎవరి చొక్కా పట్టుకోను? కూర్చుకున్న మాటలన్నీ తిరిగొచ్చేదారిలో నాకు నేనే చెప్పుకున్నాను.

వేరే దుకాణాలు తిరిగాను. ఒకచోట చొక్కా రంగు వేరు, అడుగున మెరుపు మాత్రం అదే. ఆస్పత్రికీ వెళ్ళాను. "పిలుస్తాం కదండీ."

డిసెంబరు 7, ఆదివారం

చెల్లికి చెప్పేశాను. దాచి మోయడం నావల్ల కాలేదు.

"ఎవరి... వ?" అంది.

"నాదే."

దాని భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "నువ్వు వద్దన్నవాళ్ళంతా... అడ్రసు వెతుక్కుంటూ... మనింటికే వచ్చారన్నమాట." బావగారు అరిచారు. ఇద్దరమూ పట్టించుకోలేదు.

నవ్వు తగ్గాక చెప్పింది. దానికి ముందే తెలుసు. పెట్టె పెట్టిన వారానికే ఓ పొద్దున, నేను కొళాయి దగ్గరున్నప్పుడు కరెంటు పోతే బావగారు ఇలాగే ఆగిపోయారట. టైలరమ్మ వచ్చి సంచి నొక్కిందట. ఆ తర్వాత ఇంకోసారి. సంచి మంచం కింద పెట్టించింది చెల్లే. నాకు చెప్పొద్దని ఆవిడ చేత ఒట్టు వేయించుకుంది.

"ఎందుకే?" గట్టిగా అరిచాను. దాని మీద అరిచి ఎన్నేళ్ళయిందో.

"మధ్యాహ్నం... మీటరు పెట్టి చూసి... నవ్వేవాడివి." ఊపిరి కోసం ఆగింది. "నాన్న పోయాక... నువ్వలా నవ్వడం... చూళ్ళేదు. ఇంకో రెండ్రోజులు చూద్దామని."

నా నవ్వు కోసం ఊపిరి పణం పెట్టింది పిచ్చిమొద్దు. నేనేమో ఆ నవ్వు కోసం మీటరును మధ్యాహ్నమే పెట్టాను. ఎవరిని తిట్టను?

డిసెంబరు 9

ఉన్నవాటిలోనే ఏరాను. పొద్దున, చలిలో, పెద్ద లోడు మీద, నిజంగా కొలిచాను. గుడ్డిలో మెల్ల అన్నట్టు కొన్ని దొరికాయి. నేను వద్దన్నవాటిలోంచే కాస్త తక్కువ వద్దన్నవి. కొత్త చొక్కాలు నేనే తొడిగాను. వేడి గాలికి ప్లాస్టిక్ ముడుచుకుని ఒంటికి అతుక్కుంటుంటే చూడముచ్చటగా ఉంది. ఎవరైనా చూస్తే కొత్తవే అంటారు.

పెట్టె మళ్ళీ కట్టాను. చెల్లి "ఈసారి?" అంది.

"పాతవే."

"ఎంత పాతవి?"

చెప్పాను. తలూపింది. అబద్ధం చెప్పనందుకు దానికి సంతోషమేసినట్టుంది. నాకు వేయలేదు.

డిసెంబరు 11

షెడ్డులో ఇవాళ కూడా బుట్టనిండా గీశాను. సూది లోతుగా దింపి గీశాను, అరగదీసినా పోకుండా. ఏం లాభం, చొక్కా కింద ఎవరు చూస్తారు? ఒక్కొక్కటి గీస్తున్నప్పుడల్లా ఇది ఎవరింటికి పోతుందో, ఎవరి మంచం పక్కన దీపాలన్నీ వెలిగించుకుని కూర్చుంటుందో అనుకున్నాను. కాసేపు చొక్కాలు విప్పడం మానేశాను. మళ్ళీ విప్పాను. విప్పకపోతే ఉన్న పాత చొక్కాతోనే అమ్ముకుంటారు. సాయంత్రం బండి వచ్చింది. ఓనరు నా వైపు చూడకుండా బుట్ట ఎక్కించాడు.

డిసెంబరు 13

పొద్దున్నే రాస్తున్నాను. ఇంకా మంచు విడలేదు.

మూడు రోజులుగా ఒక పద్ధతి పెట్టుకున్నాం. కరెంటు పోయేది ఎక్కువగా ఈ వేళలోనే. ఈ పెట్టె చల్లగా ఉంటే వెంటనే చేతులెత్తేస్తుంది. వెచ్చగా ఉంటే కాసేపు మోస్తుంది. నేను చూశాను, నిజంగానే చూశాను. చెల్లి దుప్పట్లో పెడదామంటే ముందు నుయ్యి, వెనక గొయ్యి. పాత సెల్లు ఎప్పుడు తిరగబడి నిప్పు కక్కుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకని నేనే ఒళ్ళో పెట్టుకుని, చుట్టూ శాలువా కప్పుకుని, చెల్లి మంచం పక్కన కూర్చుంటున్నాను. వేడి హద్దు దాటితే ముందు నాకే తెలుస్తుంది, తీగ పీకి వీధిలోకి విసిరేయొచ్చు. సంచి చెల్లి దిండు పక్కన ఉంది. కొళాయి నీళ్ళు టైలరమ్మ పడుతోంది.

"కోడి గుడ్లు పొదిగినట్టుంది" అంది చెల్లి, కళ్ళు తెరవగానే.

"పిల్లలు కాలేదింకా."

"ఆస్పత్రి నుంచి..."

"లేదు. పిలవలేదు."

చెల్లి గొంతు సవరించుకుంది. ఆ పాత గొంతు ఎక్కడినుంచి తెచ్చుకుంటుందో.

"ప్రయాణికులు దయచేసి... గమనించగలరు. రావలసిన పిలుపు... ఆలస్యముగా... నడుచుచున్నది. ప్రయాణికులు... ఉన్నచోటనే... కూర్చుండవలసినదిగా... కోరడమైనది."

కూర్చున్నాను. పెట్టె వెచ్చబడింది. కరెంటు ఇంకా ఉంది.